వేరుశనగ పాఠాన్ని వెంటనే తొలగించండి

మన సీమలో ఏ సభ జరిగినా, అది మొక్కలు నాటే కార్యక్రమం కానీండి, కళ్యాణ మండపం ప్రారంభం కానీండి, మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒక మాట అనకుండా స్టేజీ దిగడు. "ప్రకృతిని చూసి నేర్చుకోవాలి. చెట్టూ పురుగూ పిట్టా ఎంత ఐకమత్యంగా బతుకుతున్నాయో చూడండి." కింద జనం చప్పట్లు కొడతారు, భోజనాలు మొదలవుతాయి. ఇంతవరకూ ప్రమాదం ఏమీ లేదు. ఎవడైనా పనీపాటా లేనివాడు ఆ మాట నమ్మి నిజంగానే వెళ్లి చూస్తేనే ప్రమాదం. నేను వెళ్లి చూశాను. చూశాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ప్రజాహితం కోరి ఈ విజ్ఞప్తి చేస్తున్నా: పిల్లల సైన్సు పుస్తకాల్లోంచి వేరుశనగ వేరు బుడిపెల సంగతి తక్షణం తొలగించాలి. ఇది చదువుల సమస్య కాదు, శాంతిభద్రతల సమస్య.

అనంతపురం జిల్లాలో కూర్చుని శనక్కాయ మీద ఫిర్యాదు రాయడం ఎంత సాహసమో నాకు తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడే వానను నమ్ముకుని, ఎర్రనేలలో లక్షల ఎకరాల్లో తరాలుగా వేసిన పంట. కర్నూలు వైపు బుడ్డలంటారు. ఏ పేరుతో పిలిచినా మనకు బొరుగుల్లోకీ, చట్నీలోకీ, అప్పుల్లోకీ అదే దిక్కు. ఇంత మంచి పంట నేల కింద ఏం చేస్తోందో మనం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. పెరికి, కాయలు కోసుకుని, కట్టె పశువులకు వేశాం. వేరు వైపు తేరిపార చూసినవాడు లేడు. ఆ చూడకపోవడం వల్లే ఇక్కడ పరిపాలన ఇంత సాఫీగా సాగిందని నా అభిప్రాయం.

వేరు మీద గుండుసూది తలంత బుడిపెలు ఉంటాయి. వాటిలో రైజోబియం కోవకు చెందిన బాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. జిల్లాకు మంజూరైన నిధుల మాదిరి, ఉన్నట్టు అందరికీ తెలుసు, చేతికి మాత్రం రాదు. మధ్యలో ఒకరు కావాలి. ఆ ఒకరు ఈ బాక్టీరియా అని 1888లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు జర్మన్లు తేల్చి చెప్పారు. శనక్కాయ విషయంలో ఇది లోపలికి వచ్చే దారి కూడా గమనించదగ్గది. పక్క వేర్లు పొడుచుకొచ్చే చోట సన్నని సందులు పడతాయి, అందులోంచి దూరుతుంది. ముందు గుమ్మం, అర్జీ, టోకెను ఏమీ లేవు. ఇది విన్న వెంటనే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రకృతిలో కూడా ఏజెంటు ఉన్నాడు! పక్క సందులోంచే వస్తున్నాడు! మరి తహశీల్దారు ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపులో కూర్చునే మన అన్నను ఎందుకు ఆడిపోసుకుంటాం?

ఇక్కడితో పాఠం ఆగిపోయి ఉంటే నేనే దాన్ని గోడల మీద రాయించేవాణ్ణి.

ఆగలేదు. మొక్క ఈ బాక్టీరియాకు ఇల్లు కట్టిస్తుంది, తాను ఎండలో నిలబడి తయారుచేసుకున్న చక్కెరలోంచి వాటా పంపిస్తుంది, గాలి కూడా లెక్క చూసి పంపిస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే నత్రజనిని పట్టే ఎంజైమ్ పాడవుతుంది, అసలు లేకపోతే బాక్టీరియాకు ఊపిరాడదు. అందుకని మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ఒక పదార్థంతో ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగా అందిస్తుంది. పనిచేసే బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించేది అందుకే. తెల్లగా ఉంటే లోపలివాడు కూర్చుని తింటున్నాడని అర్థం. ఒక్క క్షణం ఆలోచించండి. ప్రతి ఆఫీసులో ప్రతి సీటులో పని జరుగుతోందా లేదా అన్నది గోటితో చిదిమి రంగు చూసి చెప్పగలిగితే, ఈ దేశంలో సమీక్షా సమావేశాలు ఎవరి కోసం జరుపుకోవాలి? వాటి టీ, బిస్కెట్ల బిల్లు ఏ పద్దు కింద రాసుకోవాలి?

అసలు దారుణం ఇంకా చెప్పలేదు. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు సోయా మొక్కల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. సోయా కూడా శనక్కాయ కుటుంబమే. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలో నత్రజని బదులు ఆర్గాన్ అనే వేరే వాయువు నింపారు. పాపం బాక్టీరియాకు పనిచేయాలని ఉన్నా ముడిసరుకు లేదు. ఏం చేసిందండీ మొక్క? కారణం అడగలేదు. సంజాయిషీ నోటీసు ఇవ్వలేదు. విచారణ కమిటీ వేయలేదు, సగం జీతంతో సస్పెండ్ చేయలేదు, కనీసం కడప నుంచి కర్నూలుకు బదిలీ కూడా చేయలేదు. సరాసరి ఆ బుడిపెకు ఆక్సిజన్ తగ్గించేసింది. దాంతో అందులో బాక్టీరియా సంతానం, పనిచేసే బుడిపెల్లోవాటితో పోలిస్తే, సగానికి పడిపోయింది. పక్క వేరు మీద పనిచేస్తున్న బుడిపెకు మాత్రం సరఫరా మామూలే. మొక్క బుడిపె బుడిపెకూ విడివిడిగా ఖాతా రాసుకుంటోందన్నమాట. ఐకమత్యం అని స్టేజీ మీద చెప్పుకుంటున్నది దీన్నే.

ఇప్పుడు ఈ పాఠం చదివిన పిల్ల సాయంత్రం ఇంటికెళ్లి నాన్నకు చెప్పిందనుకోండి. ఆ నాన్న మ్యుటేషన్ కోసం, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పు కోసం తిరుగుతున్న రైతనుకోండి. మర్నాడు జిరాక్స్ షాపు దగ్గర మామూలుగా జరగాల్సిన సంభాషణ ఇది.

"ఏమన్నా, మా ఫైలు కదిలిందా?"

"అయితాది లేన్నా. సారు మీటింగులో ఉండాడు. ఇంగొక రెండు వేలు సర్దు, నేను చూసుకుంటా."

"సరేన్నా."

ఎంత మర్యాద, ఎంత అన్యోన్యత! ఇద్దరూ ఒకరినొకరు అన్నా అనుకుంటున్నారు. ఇదే చోట బుడిపెల పాఠం విన్నవాడు నిలబడితే, "ముందు గోటితో చిదిమి చూస్తా, లోపల రంగు గులాబీగా ఉంటేనే చక్కెర" అంటాడు. అన్నాడా, అయిపోయింది. జిరాక్స్ షాపు మూతపడుతుంది, దాని పక్కన బజ్జీల బండి మూతపడుతుంది, దాన్ని నమ్ముకున్న ఉగ్గాని పెద్దమ్మ ఇంటికి పోతుంది. ఒక పర్యావరణ వ్యవస్థ మొత్తం కుప్పకూలుతుంది. దీనికి బాధ్యులెవరు?

కొందరు మేధావులు, ఏజెంటును పరాన్నజీవి అంటారు. ఇది అన్యాయం. 1879లో ఈ జీవుల సహవాసానికి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చిన అంటన్ డి బారీ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త, వేరు వేరు జాతులు కలిసి బతకడం అన్నాడే తప్ప ఇద్దరూ బాగుపడి తీరాలని షరతు పెట్టలేదు. పరాన్నజీవిని కూడా ఆ గొడుగు కిందికే తెచ్చాడు. ఇద్దరికీ లాభమా, ఒకరికి లాభమై ఇంకొకరికి ఏమీ కాదా, ఒకరికి లాభమై ఇంకొకరికి నష్టమా, మూడూ అందులోనే సర్దుకుంటాయి. టమోటా రైతు పత్తికొండకు సరుకు తెచ్చి, కూలీ ఖర్చు కూడా రాక రోడ్డు మీద పారబోసి పోయిన రోజున, అదే టమోటా పట్నంలో కిలో లెక్కన అమ్మినవాడితో ఆయన ఎంతో సన్నిహితంగా కలిసి బతుకుతున్నట్టే లెక్క. శాస్త్రం ఒప్పుకుంది కదా, మధ్యలో మీకేం?

శనక్కాయ ఒక్కటే అయితే పట్టి బంధించవచ్చు. మేడిచెట్టు కూడా కుట్రలో ఉంది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని చిన్నప్పుడే మన చేత కంఠతా పట్టించి, మోసగాడికి ఉదాహరణగా ఆ పండును నిలబెట్టారు. ఇన్ని వందల ఏళ్ల పరువునష్టానికి ఆ చెట్టు కోర్టుకెక్కలేదంటే దాని సహనం. ఎందుకంటే లోపలున్నది పురుగు పట్టిన పండు కాదు, జరుగుతున్న పని. మేడిపండు అంటే లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఒక చిన్న కందిరీగ, మిల్లీమీటర్లలో కొలవాల్సినంతది, కొన మీదున్న ఇరుకు రంధ్రంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు మామూలుగా రెక్కలు ఊడిపోతాయి, అంటే మళ్లీ బయటికి ఎగిరిపోయే ఆలోచన పెట్టుకోకుండానే వస్తుంది. తెచ్చిన పుప్పొడి పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. ముందు పుట్టి, ఆడవాటితో జతకట్టి, వాటి కోసం పండు గోడకు సొరంగం తవ్వి, ఆ పని పూర్తయ్యాక చస్తాయి. ఆడవి పుప్పొడి ఎత్తుకుని ఆ సొరంగంలోంచే ఇంకో మేడిచెట్టుకు పోతాయి.

సీమలో సొరంగం పనుల గురించి పేపర్లో చదువుతూ పెరిగినవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదని తెలుసు. మొదలుపెట్టిన తరమే పూర్తి చేసింది! అంచనాలు సవరించలేదు! శంకుస్థాపన రాయి కూడా లేదు!

ఇక్కడ కూడా ఖాతా పుస్తకం ఉంది. పుప్పొడి తేకుండా గుడ్లు పెట్టి పోదామనుకునే కందిరీగలు వస్తే, కొన్ని అత్తి జాతుల చెట్లు ఆ కాయను పండనివ్వకుండానే రాల్చేస్తాయని పనామాలో జరిగిన పరిశోధన 2010లో బయటపెట్టింది. లోపల పిల్లలతో సహా రాల్చేస్తాయి. మన కదిరి దగ్గర సుమారు 5 ఎకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన తిమ్మమ్మ మర్రిమాను కూడా ఈ కుటుంబమే, దానికీ తనదైన కందిరీగ ఉంది. సెలవు రోజున దాని నీడలో సద్దిమూట విప్పుకుని, పిల్లలను ఊడలకు వేలాడదీసి, సెల్ఫీలు దిగి వస్తాం. తలపైన ఇంత నిక్కచ్చి వ్యాపారం నడుస్తోందని ఎవరూ చెప్పరు. చెప్పకపోవడమే మంచిది.

ప్రకృతి అంతా ఇలాగే కఠినంగా ఉందని నేననను. ఆదర్శంగా తీసుకోదగ్గ జీవులూ ఉన్నాయి. తొలగించిన పాఠం స్థానంలో వాటిని పెట్టవచ్చు.

ఉదాహరణకు పగడపు దిబ్బల్లో ఉండే సఫాయి చేప. మనకు సముద్రం దూరమే, అయినా ఈ చేప నడవడిక చూస్తే మన ఊళ్లోనే పుట్టి అక్కడికి బదిలీ అయిందేమో అనిపిస్తుంది. పెద్ద చేపలు దీని దగ్గరికి వచ్చి నోరు తెరిచి నిలబడతాయి, ఇది వాటి ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తింటుంది. పని శుభ్రం, కడుపు నిండుతుంది, ఇద్దరికీ మేలే. కానీ ఈ చేపకు నిజంగా ఇష్టమైనది పురుగు కాదు, ఖాతాదారు ఒంటి మీది జిగురు. సందు దొరికితే పురుగు వదిలేసి జిగురు కొరుకుతుంది. ఎవరిని కొరకాలో కూడా దానికి బాగా తెలుసు. వచ్చినవాడు తిరిగి తననే మింగగల వేటచేపైతే బుద్ధిగా పురుగులే ఏరుతుంది. పక్కన ఇంకో ఖాతాదారు నిలబడి చూస్తుంటే అప్పుడూ బుద్ధిగానే ఉంటుంది. నాలుగు దిబ్బలు తిరిగే చేప, అంటే ఇక్కడ నచ్చకపోతే ఇంకో దుకాణానికి పోగలిగినది వస్తే, దాన్ని ముందు పిలుస్తుంది. ఈ దిబ్బ తప్ప వేరే దిక్కులేని స్థానిక చేప మాత్రం వరసలో నిలబడి ఉంటుంది.

దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటా. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి పొద్దున ఏడింటికే వచ్చి గోడకానుకుని కూర్చున్న అవ్వనూ, పదకొండింటికి కారు దిగి నేరుగా లోపలికి పోయిన అల్లుడుగారినీ చూసినవాళ్లందరూ సముద్ర జీవశాస్త్రంలో డిగ్రీ అయినట్టే. పైగా అక్కడ నకిలీలూ ఉన్నాయి. బ్లెన్నీ అనే ఒక కోరపళ్ల చేప, అచ్చం సఫాయి చేప రంగులే వేసుకుని, అదే నాట్యం చేస్తూ దగ్గరికొచ్చి, ఖాతాదారు రెక్క కొరుక్కుని పారిపోతుంది. మెడలో ట్యాగు వేసుకుని ఆఫీసు వరండాలో తిరుగుతూ "సార్ నాకు బాగా క్లోజ్" అని డబ్బు తీసుకుని ఫోన్ స్విచ్చాఫ్ చేసేవాడి గురించి మనవాళ్లు పోలీసులకు చెప్పుకోవడానికి మొహమాటపడతారు. చేపలు కూడా మోసపోతున్నాయని తెలిస్తే కాస్త ఊరట కదా.

ఇంకా గొప్పది మెక్సికో, మధ్య అమెరికాల్లో ఎద్దుకొమ్ముల్లాంటి ముళ్లుండే తుమ్మ జాతి చెట్టు. (మన కంచెల నిండా పెరిగిన సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా అటువైపే, కానీ దానికి ఇంత రాజకీయ పరిజ్ఞానం లేదు, ఉత్తగా నీళ్లు తాగి విస్తరిస్తుంది.) ఈ చెట్టు బోలు ముళ్లలో చీమలు కాపురం ఉంటాయి. చెట్టు వాటికి ఇల్లు ఇస్తుంది, ఆకు కొసల్లో తిండి గుళికలు కాయిస్తుంది, తేనె ఊరిస్తుంది. బదులుగా చీమలు చెట్టు మీద ఎవడు చెయ్యి వేసినా కరుస్తాయి, ఆకు తినే పురుగును తరిమేస్తాయి, చుట్టుపక్కల మొలిచే తీగలను సైతం కొరికేస్తాయి. నాయకుడి మీద ఎవరైనా ఒక మాట పోస్టు పెడితే కింద నాలుగు వందల కామెంట్లు పెట్టే కుర్రాళ్లు మనకు తెలియనివాళ్లా?

అయితే చెట్టు తెలివి వేరే చోట ఉంది. మామూలు చక్కెరను అరిగించుకునే ఎంజైమ్ చాలా చీమల కడుపులో ఉంటుంది. ఈ చెట్టు తేనెలో ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వని పదార్థం ఒకటి ఉందని 2014లో తేలింది. ప్యూపా దశ దాటి బయటికొచ్చిన తొలి రోజుల్లోనే చీమ ఆ తేనె తాగిందంటే దాని ఎంజైమ్ దెబ్బతింటుంది, తర్వాత వేరే చెట్టు తేనె తాగినా అరగదు. ఈ చెట్టు తేనెలో చక్కెర ముందే విరగ్గొట్టి ఉంటుంది కాబట్టి ఇదొక్కటే అరుగుతుంది. చీమ మాత్రం తాను విశ్వాసంతో ఉన్నాననుకుంటుంది. పాఠ్యపుస్తకంలో ఈ చెట్టుకు నిలువెత్తు రంగుల బొమ్మ వేయాలని, వీలైతే మండల కేంద్రంలో విగ్రహం పెట్టాలని కోరుతున్నా. ఇరవై ఏళ్ల వయసులో జెండా పట్టుకుని, నలభై దాటాక కూడా అదే జెండా కింద టిఫినుకు ఎదురుచూస్తూ, ఇంకే పనీ చేతకాకుండా పోయిన మా వీధి తమ్ముళ్లకు శాస్త్రీయ గౌరవం దక్కినట్టవుతుంది.

కొంగ, బర్రె కథ అందరికీ తెలిసిందే. బర్రె నడిస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, కొంగ తింటుంది, బర్రెకు పెద్దగా ఒరిగేదీ లేదు పోయేదీ లేదు. ఎమ్మెల్యే కాన్వాయ్ వెనక ఖాళీ రోడ్డు చూసుకుని బండి పోనిచ్చేవాళ్ల పద్ధతి. దాని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బర్రె వీపెక్కి తిరిగే పసులపోలిగాడు కూడా ఆ కోవే. కానీ ఆఫ్రికాలో, కలహారి ఎడారిలో, వీడి అన్న వరస పిట్ట ఒకటి ఉంది. అది పొద్దస్తమానం నేల తవ్వుకునే మీర్‌కాట్లకు, అంటే ముంగిస జాతి చిన్న జంతువులకు కాపలా ఉంటుంది. గద్ద నిజంగా వస్తే నిజంగానే అరుస్తుంది, అవి బొరియల్లోకి దూరి బతుకుతాయి. అందుకే దాన్ని నమ్ముతాయి. అప్పుడప్పుడు మాత్రం, ఏదో ఒకటి మంచి లావు పురుగును బయటికి తీసిన సమయం చూసి, గద్ద లేకుండానే అరుస్తుంది. అవి పురుగు వదిలేసి పరిగెత్తుతాయి, ఇది దిగి తినేస్తుంది. తన గొంతు నమ్మడం మానేస్తే వేరే జాతుల అరుపు అనుకరిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి టీవీ పెట్టి కూర్చునే అలవాటున్నవాళ్లకు ఈ పిట్ట గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

మామిడిచెట్టు మీది బదనికను కూడా సిలబస్‌లో చేర్చవచ్చు. దానికి పచ్చటి ఆకులున్నాయి, సొంతంగా ఆహారం వండుకుంటుంది, దూరం నుంచి చూస్తే కష్టజీవి. నీళ్లు, లవణాలు మాత్రం మామిడికొమ్మలోంచి పీల్చుకుంటుంది. నెలనెలా జీతం పడుతూనే ఉండి, పై ఖర్చులకు మాత్రం మన మీద ఆధారపడే సార్లను పిల్లలు గుర్తుపట్టి గౌరవించడానికి ఈ పాఠం పనికొస్తుంది. బదనిక పట్టిన కొమ్మను కొట్టేయమని తోట రైతులు చెప్పుకునే సలహాను మాత్రం అచ్చువేయకూడదు.

ఇంత చెప్పినా, శనక్కాయ పాఠం తీసేస్తే పిల్లలకు వ్యవసాయం ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లు ఉంటారు. దానికీ దారి ఉంది. అసలు ఆ బుడిపెల ఆట కట్టించే మందు మన దగ్గరే దొరుకుతోంది, దాని పేరు యూరియా. పైనుంచి నత్రజని ఎడాపెడా పడితే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించేస్తుంది. ఎవరితో పొత్తు అక్కర్లేదు, ఎవరి లెక్కా చూడక్కర్లేదు. ఆ దిశగా మనం ఎప్పట్నుంచో కృషి చేస్తూనే ఉన్నాం.

కాబట్టి వేరుశనగ బదులు మొక్కజొన్న పాఠం పెట్టండి. దాని వేళ్లకు రైజోబియం బుడిపెలు ఉండవు. బాక్టీరియాను పెట్టుకుని గోటితో చిదిమి చూసే గోల లేదు. అది నిటారుగా నిలబడి, 45 కిలోల బస్తా కోసం క్యూలో నిలబడిన రైతు తెచ్చి పోసినంత తిని, చాలకపోతే ఆకులు పసుపు పచ్చగా మారి ఊరుకుంటుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో దాని గురించి నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చి, బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే సరిపోతుంది. వేరు భాగం గీయక్కర్లేదని ప్రశ్నపత్రంలోనే ఒక గమనిక వేయండి.